సొరంగం బందు

అది 2013 ఎండకాలం సెలవుల మొదటి ఆదివారం. సూర్యాపేటలో స్వర్ణ పెట్టిన పిల్లల ఆటగది ఆ పొద్దున్నే తెరవాలి. షట్టర్ బయట పిల్లల కేకలు వింటుంటే ఆమె కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఆమె వదిన మాత్రం చీర ఎగజెక్కి ప్లాస్టిక్ సొరంగంలోకి దూరింది.

“వదినా, జర జల్ది రా! తిరుమలగిరి నుంచి గూడ బస్సెక్కి వచ్చిన్రు. షట్టర్ లేపనా?”

“ఆగు పిల్లా! మొత్తం పాకి సూడనీ. అబ్బ, లోపల మస్తుగుందే!”

“నవ్వకు, నాకూ నవ్వొస్తది. ఎందాక పోయినవ్?”

“మలుపు కాడున్న. అయ్యో! నా పుస్తెలతాడు దేనికో తట్టుకున్నది. గుంజితే వస్తలేదు.”

“కదలకు, నేనొస్తున్న! ఇగో, ఊడింది. బోల్టు మొన లోపలికి పొడుసుకొచ్చింది వదినా.”

“నేను మెల్లగ పాకిన గనుక సరిపోయింది. పిల్లలు ఉరుకుతరు. మెడల తాయెత్తు దారాలుంటయి.”

స్వర్ణ ఆ బోల్టును వేళ్లతో తిప్పి చూసింది, కదల్లేదు.

“ఫిట్టింగ్ చేసినాయన సాయంత్రం గాని రాడు. బోర్డు మీద బొమ్మే సొరంగానిది. అందరూ అదే అడుగుతరు.”

“అడిగితే ఏం చెప్తవ్?”

“బందని చెప్త. పట్టు, ఈ పరుపులు రెండు దిక్కులా అడ్డం పెడదాం.”

షట్టర్ లేచింది. పిల్లలు బిలబిలమంటూ రంగు బంతుల్లోకి దూకారు. ఒక తల్లి అడగనే అడిగింది.

“సొరంగం మూసిన్రేంది?”

“రిపేరున్నదక్కా. బాగైనంక మా వదిన ఇంకోసారి పోయొస్తది, అప్పుడే తెరుస్తం.”

“ఒక్కసారేందే,” అంది వదిన వెనక నుంచి, “రెండుసార్లు పోత!”