దేవానందం మావయ్య కరెంటు సాక్ష్యం

ఇంట్లో ప్రార్థన అయ్యాక సాక్ష్యాలు చెప్పుకోవడం మాకు అలవాటు. దేవుడు చేసిన మేలు ఒకరు లేచి చెబితే, విన్నవాళ్లు ఆమెన్ అనాలి. డెబ్బై నాలుగులో ఒక సాయంత్రం, తిరువూరులో మా అరుగు మీద, అమ్మ తమ్ముడు దేవానందం మావయ్య లేచాడు. మర్నాడు పొద్దున బస్సుకి మా ప్రేమావతక్క ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరడానికి కాకినాడ వెళ్లాలి. ఆడపిల్లకి కరెంటు చదువేంటని నాన్న ఇంకా ఊ అనలేదు.

"ప్రభువుకు స్తోత్రం! మొన్న మా మేనకోడలు నా టార్చిలైటు బాగుచేసింది."

"ఆమెన్," అన్నారందరూ, నాన్న తప్ప.

"టార్చిలైటు ఏపాటి! ఆ చేత్తోనే బావగారి రేడియో విప్పింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బెజవాడ ఒక్కటే పలికే రేడియో లండన్ పలికింది, అక్కడ వాన పడుతుంటే ఇక్కడ బల్ల తడిసింది, నేనే తుడిచాను. అది విని రెడ్డిగూడెం మామిడితోట వాళ్లు కాలిపోయిన మోటారు చూపిస్తే, రెండు వైర్లు ఇలా కలిపిందో లేదో, నీళ్లు తోట దాటి గంపలగూడెంలో పడ్డాయి, అక్కడివాళ్లు వానలొచ్చాయనుకుని నాట్లేసేశారు!"

"నా జీపు కూడా చూసిందిగా, ఇంకా కదల్లేదేంటండీ?" అన్నాడు పక్కింటి చాంద్‌బాషా.

"కదిలితే ఆగదని తనే ఆపి ఉంచింది బాషాగారూ! చదవకముందే ఇలా ఉంటే, చదివొచ్చాక చూడండి. మెరుపుని పట్టి సీసాలో బిగిస్తుంది, మూత తీస్తే ఊరంతా వెలుగు, స్తంభాలు పీకి పందిళ్లకి వాడుకోవచ్చు. బెజవాడ బస్సుకి డీజిలుండదు, ఎక్కి కూర్చుంటే దిగడమే, టికెట్టు కొట్టే టైము కూడా ఉండదు. ఢిల్లీలో లైటు వెలగాలన్నా మా బావగారు ప్రభుదాసు మాస్టారి అమ్మాయిని అడగాల్సిందే. ఇక సూర్యుడంటారా..."

"సూర్యుడి జోలికి పోకయ్యా, అది దేవుడి పని," అంది నాయనమ్మ. "అయినా ఇన్ని వచ్చిన పిల్లకి ఇంకా చదువెందుకు?"

"నేనూ అదే అంటున్నాను," అన్నారు నాన్న వెంటనే.

లాంతరు గాజు తుడుస్తున్న అక్క, సాక్ష్యానికి లేచినట్టే లేచి నిలబడింది.

"నాన్నా, టార్చిలైటొక్కటే నిజం. మావయ్య బ్యాటరీలు తిరగేసి పెట్టాడు, సరిగ్గా పెట్టానంతే. రేడియో విప్పాను గానీ బిగించడం రాలేదు, ముక్కలు మీ పెట్టె వెనకే ఉన్నాయి. నాకేమీ రాదు నాన్నా. అందుకే వెళ్తానంటున్నాను."

సాక్ష్యం విని ఊరుకోకూడదు కదా, అందరం నాన్న వైపే చూశాం.

"ఆమెన్," అన్నారు నాన్న. "ముందు ఆ రేడియో బిగించడం నేర్చుకుని రా."