కొరికి చూడని పెన్నేరు

ఆ చౌటిబావి కాడికి మన ఊరి గొర్రెలు గూడా పోవు, సూసినారా? గట్టు సుట్టూ పెన్నేరు మొక్కలు, అదే అశ్వగంధ అంటారే అవి, ఎర్రెర్రని పండ్లు. పట్నంలో ఆ వేరుకు ఎంత గిరాకీ! అయినా ఎవరు తవ్వుతారు? ఆడ తిమ్మక్క ఉండాది గదా.

ఈ తిమ్మక్క బతికుండంగా ఊరికంతా వేరుమందు తవ్విచ్చే మనిషి. వాళ్లింట్లో ఒక కట్టడి ఉండె: ఏ వేరైనా ముందు తాను కొరికి, అరగడియ కూర్చుని, తనకేమీ కాకుంటేనే ఇంకొకరికి ఇయ్యాల. పెన్నేరుకు గుర్రం వాసనొస్తాది, నిజమే, అయితే పక్కన ఉమ్మెత్త వేరు పెనవేసుకుంటే దానికీ అదే వాసన అంటుకుంటాది, ఇంక ముక్కేం చెప్తాది? నాలికే చెప్పాల.

అట్లుండంగా ఆమె చెల్లెలు సుంకులు కాన్పయ్యి మంచం పట్టె. తిమ్మక్కకు ఆ పిల్ల తప్ప నా అనేవాళ్లు లేరు. అది లేచి తిరిగితే సాలు సామీ అని ఓబులేసునికి మొక్కుకుని, శనివారం పొద్దుగూకేదాకా పచ్చినీళ్లు గూడా ముట్టనని ఒక్కపొద్దు పట్టె. ఆ శనివారమే సుంకులు మరీ నీరసపడితే, ఈమె గడ్డపార తీసుకుని పరిగెత్తి, తవ్వి, వేరు నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయె. కొరికితే మొక్కు చెడిపోతాది గదా, చెల్లెలికి కీడు గదా! ఇన్నేండ్లు తవ్వినాను, నాకు తెలీదా అనుకుని, అట్లే తీసుకుపోయి పాలల్లో ఉడకేసి తన చేత్తోనే తాపె.

ఇంకేముంది, సుంకులు కండ్లు ఇంతింత చేసుకుని, లేని దారాలు గాలిలో లాగుతా, అక్కనే ఎవరమ్మా నువ్వని అడిగె. దీపాలు పెట్టే యాళకు పోయె. ఒక్కపొద్దు మాత్రం చెడలేదు. నాకు ఆ దేవుని మీద ఇప్పటికీ కోపమే, అనకూడదంటే మీరు అనకండి.

మర్నాటి నుంచి తిమ్మక్క ఆ గట్టు మీదే కూర్చుని కనబడిన వేరల్లా కొరుకుతా వచ్చె. మూడోనాడు సగం కొరికిన వేరు చేతిలో ఉండాది, పానం లేదు.

ఇప్పుడు ఆడ ఎవరు తవ్వినా ఎనక నుంచి ఒక చెయ్యొచ్చి వేరు గుంజుకుని, కటుక్కున కొరికి, ఎవరికని అడుగుతాదంట. కుమ్మరి ఎర్రన్న మా అక్కకని చెప్తే, అరగడియ ఉండు నాయనా, నాకేమన్నా అయితాదేమో సూస్తా అనిందంట. ఎర్రన్న ఉంటాడా? గడ్డపార ఆడనే పారేసి వచ్చినాడు. సచ్చిన మనిషికి ఇంకేమవుతాది చెప్పండి? పాపం, అది ఆమెకు తెలీదు.

అందుకే ఆ పక్కకు పోవద్దండి. పోతే పోయినారు గానీ, ఆమె బాగుందని ఇచ్చిన వేరు మాత్రం ఇంటికి తేవద్దండి.