కాలువల పదవికి ఒక్క ఓటు

మిషిగన్‌లో ఒక పల్లె. ఎన్నికల మర్నాడు ఉదయం, వంటింట్లో గెరిట్, అతని భార్య ఆలిడా.

"ఒక్క ఓటు, ఆలిడా! ఒక్కటంటే ఒక్క ఓటుతో పోయింది! పన్నెండేళ్లుగా చేస్తున్న పదవి, ఊరి కాలువలు బాగుచేయించే పదవి!"

"తెలుసు. అట్టు చల్లారిపోతోంది, తిను."

"ఎలా తింటానే? మన బూత్‌లో అధ్యక్షుడికి మన పార్టీ తరఫున నలభై ఒకటి పడ్డాయి. అదే ఓటు కాగితంలో అట్టడుగున నా పేరుకొచ్చేసరికి ముప్పై తొమ్మిది! పైన మనవాళ్లకి వేసి, కింద నా మీద నిలబడ్డ ఆ రాస్కో టిబ్స్‌కి గుర్తు పెట్టాడు ఒకడు. వాణ్ని పట్టుకునేదాకా నిద్రపోను."

"పట్టుకుని?"

"కడిగేస్తా. వాకిట్లో నా ప్రచార బోర్డు పాతుకున్న ప్రతి ఇంటికీ వెళ్తా."

"మన వాకిట్లోనూ ఉందిగా బోర్డు."

"అంటే?"

"అంటే ఏముంది, తేనె వెయ్యనా?"

"ఆలిడా. నువ్వు ఎవరికి వేశావు?"

"అధ్యక్షుడికి మన పార్టీ. షెరీఫ్‌కి వాళ్ల పార్టీ, ఆ అబ్బాయి మర్యాదస్తుడు. కోశాధికారికి మళ్లీ మనవాళ్లే."

"కాలువలకి?"

"ఇదిగో తేనె."

"కాలువలకీ!"

"రాస్కోకి."

"కట్టుకున్నదానివి! నువ్వా!"

"అరవకు. మన పెరటి కాలువ ఆరేళ్లు పూడిపోయే ఉంది. ఏటా సెల్లార్లో మోకాలి లోతు నీళ్లు. ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"పదవిలో ఉన్నవాణ్ని! ముందు నా ఇంటి కాలువే బాగుచేసుకుంటే ఊళ్లో ఏమనుకుంటారు?"

"అనుకోరు, ఈదుకుంటూ వచ్చి పలకరిస్తారు. మొన్న వేసవిలో రాస్కో ఓటడగడానికొచ్చాడు. సెల్లార్ చూశాడు. ఓటు సంగతి మర్చిపోయి, పార పట్టుకుని సాయంత్రం దాకా పూడిక తీశాడు."

"అది అతను తీశాడా? మన సెల్లార్ ఆరిపోతే, నా కొత్త పథకం పనిచేస్తోందని సభలో చెప్పానే!"

"విన్నాను. చప్పట్లు కూడా కొట్టాను."

"నా కొంప ముంచింది నువ్వేనన్నమాట."

"ఆగాగు. నలభై ఒకటికి ముప్పై తొమ్మిదంటే రెండు తక్కువ. పొద్దుట్నుంచి ఒకడు, ఒకడు అంటున్నావు. ఆ రెండోవాడెవడు?"

"ఆ అట్టు ఇలా పెట్టు."

"గెరిట్."

"చల్లారినా బానే ఉంది."

"గెరిట్! ఎవడు?"

"సొంత పేరుకి సొంత చేత్తో గుర్తు ఎలా పెట్టుకోనే? సిగ్గేసి నేనూ రాస్కోకే వేశాను."