గొట్టం లాక్కున్న చేతులకు వందనం: శ్రీమతి గ్లెనిస్ ట్రెగెంజా గారి పదవీ విరమణ

శ్రీమతి గ్లెనిస్ ట్రెగెంజా గారు మన క్వినానా రసాయన కర్మాగారంలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించినది 1986 మార్చి మూడవ తేదీన. కాదు, నాలుగవ తేదీన అని వాదించేవారూ మనలో ఉన్నారు. రమ్మన్న మూడవ తేదీ తీరా చూస్తే, మన పశ్చిమ ఆస్ట్రేలియాలో మార్చిలోనే వచ్చే కార్మిక దినోత్సవ సెలవు. కొత్త బూట్లతో గేటు ముందు నిలబడిన ఆ యువతిని ఏం చేయాలో పాలుపోక కాపలాదారు లోపలికి రానివ్వనూ లేదు, ఇంటికి పొమ్మననూ లేదు. ఆమె సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. ఆ దినం సర్వీసులో చేరుతుందా లేదా అన్నది నేటికీ తేలలేదు.

కాటా వద్ద గుమాస్తాగా ప్రవేశించి, అచంచలమైన కార్యదీక్షతోనూ, అంతకు ఏమాత్రం తీసిపోని గట్టి గొంతుతోనూ అంచెలంచెలుగా ఎదిగి, ట్యాంకర్ లారీల నుండి సరుకు దింపే దిగుమతి విభాగానికి వారు పర్యవేక్షకురాలయ్యారు. ఆ కాలంలో లారీలోని ద్రవాన్ని గాలి ఒత్తిడితో నెట్టి మన తొట్లలోకి పంపేవారు. అది పూర్తయ్యేలోగా ఒక నిద్ర తీసి లేవవచ్చు. డ్రైవర్లు చేసేదీ అదే. తరువాత పంపులు వచ్చి దిగుమతి సమయం సగానికి తగ్గింది. గేటు బయట లారీల వరుస మాత్రం తగ్గకపోగా పెరిగింది. యాజమాన్యం అయోమయంలో పడింది. గ్లెనిస్ గారు అంతకంటే పెద్ద అయోమయంలో పడ్డారు. పంపులను అనుమానించారు, కాటాను అనుమానించారు, చివరకు వేసవి ఎండను సైతం విడిచిపెట్టలేదు.

ఆ గందరగోళం నడుమనే ఒక మధ్యాహ్నం, ఆమ్లం తెచ్చిన సమోవా దీవులవాసి డ్రైవరు టవీటా లెమాలు గారు గొట్టం చేతబట్టి బ్లీచ్ ద్రావణపు తొట్టి వైపు నడవడం ఆమె కంటబడింది. ఆ రెండూ కలిస్తే పుట్టే క్లోరిన్ వాయువు ఎదుట నిలిచిన మనిషి ప్రాణాలతో మిగలడం కష్టం. తొట్లన్నిటి మూతులూ ఒకే కొలతలో ఉండిన రోజులవి. ఆమె పరుగున వెళ్లి గొట్టం లాక్కుని, అందరి ఎదుటా నానా మాటలూ అన్నారు. "దాటి అవతలకి పోతున్నానంతే, ఆంటీ," అన్నారాయన. ఆమ్లపు తొట్టి అవతలే ఉన్న మాట నిజమే. ఆమె పైవారికి చెప్పడంతో లెమాలు గారిని కొంతకాలం గేటు లోపలికి రానివ్వలేదు. తిరిగి వచ్చాక ఆయన పలకరించడం మానేశారు. ఆయన నిజంగా పొరబడ్డారా, లేక తానే పొరబడి ఒక కుటుంబం నోటి దగ్గరి కూడు లాగేశానా అన్న ప్రశ్న గ్లెనిస్ గారిని ఏళ్ల తరబడి తొలిచింది.

గేటు బయటి వరుస సంగతి డ్రైవర్లనే అడగాలని ఆ గొడవ తరువాతే వారికి తోచింది. "నువ్వు ఇట్టే దింపేస్తున్నావు, మరి మేమెప్పుడు పడుకోవాలి?" అని ఒకాయన ఎదురడిగారు. కునుకు తీసే వేళ పోవడంతో వాళ్లు గేటు బయటే నిద్రపోతున్నారు. ముందున్నవారు లేస్తే గాని వెనుకవారికి దారి లేదు. నాటి నుండి లారీ తాళంచెవి గ్లెనిస్ గారి చేతికివ్వడం, డ్రైవరు విశ్రాంతి గదిలో టీ తాగి నడుము వాల్చడం, లారీని లోపలికి నడిపి గొట్టం మనవాళ్లే తగిలించడం ఆనవాయితీ అయింది. ఏ ద్రవం మూతి ఆకారం దానిదే అయింది. మనిషిని ఆపితే లారీ ఎలా కదులుతుందో యాజమాన్యానికి చాలాకాలం మింగుడుపడలేదు. తానూ సరిగా వివరించలేక, గేటు బయట రోడ్డు ఖాళీగా ఉంది చూసుకోండని మాత్రం ఆమె అన్నారు.

గత వారం లెమాలు గారు లోడుతో వచ్చినప్పుడు, గ్లెనిస్ గారు తామే టీ కలిపి ఆయన ఎదుట కూర్చున్నారు.

"టవీటా, పోయేముందు ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు నువ్వు దాటి పోతున్నావా, తగిలించబోతున్నావా?"

"మూడు రోజులుగా సరైన నిద్ర లేదు, ఆంటీ. అదే ఆమ్లం తొట్టి అనుకున్నా. మీరు లాక్కునేదాకా అనుకుంటూనే ఉన్నా."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం? నామీద కోపమనుకున్నాను."

"కోపం కాదు, సిగ్గు. మా చిన్నది అప్పటికింకా పుట్టలేదు. దాన్ని బడికి దింపినప్పుడల్లా మీరు గుర్తొచ్చేవారు. ఆ మాట మీతో ఎలా చెప్పాలో తెలియలేదు."

గ్లెనిస్ గారు లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చారు.

మనశ్శాంతితో విరమిస్తున్న శ్రీమతి గ్లెనిస్ ట్రెగెంజా గారు, భర్త శ్రీ కెన్ గారితో కూడి రాకింగ్‌హామ్ తీరాన తనివితీరా పీతలు పట్టుకుంటూ, ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాము. ఈ అభినందన సభకు లెమాలు గారు తమ చిన్న కుమార్తెను వెంటబెట్టుకుని వస్తున్నారు.