ఎదురింటి కిటికీ

అది కాదు నాయనా, తొమ్మిదేళ్లు! రోజుకో ఫోటో. పోనీ ఏమైనా చూడదగ్గవా? తడిసిన బెంచీ. మూసిన షట్టరు. వీధిదీపం కింద పడుకున్న కుక్క. ఆ కుక్క మూడుసార్లు పడింది ఫోటోలో. కట్టుకున్నదాన్ని, నేను ఒక్కసారీ పడలేదు.

నువ్వు సొంత మరిదివి, నీకు తెలియందేముంది? మీ అన్నయ్య నియమం నీకూ చెప్పే ఉంటాడు. రోజుకి ఒక్కసారే నొక్కాలట. పాడైతే అంతే, రెండోది తియ్యకూడదట. మహా తపస్సు మరి! కూర మాడితే మాత్రం నేను రెండోసారి వండాలి. దానికే నియమం లేదు.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, చూపూ మందగించింది. ఊరుకున్నాడా? కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని ఎడమచేత్తో మొదలెట్టాడు. నేను లాండ్రీలో పది గంటలు నిలబడి ఇస్త్రీ చేసి వచ్చేసరికి, ఇవాళ్టి ఫోటో కంప్యూటర్లో నలుగురూ చూసేలా పెట్టమన్నాడు. పెట్టాను. ఏం వచ్చిందనుకున్నావ్? బొటనవేలు. నిలువెత్తు బొటనవేలు!

దాన్ని చూసి ఒకాయన, శూన్యాన్ని ఎంత బాగా పట్టుకున్నారో అని రాశాడు. నా ఇస్త్రీపెట్టె తీసి పెట్టినా శూన్యమే అంటారు, వాళ్ల మొహాలు మండ.

మర్నాడూ బొటనవేలే. ఎలా వచ్చిందని అడిగాడు. ఆ అడగడం ఉంది చూశావూ, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా. బాగా వచ్చిందని నోరు జారాను. జారాక చూపించాలిగా? పాలకని చెప్పి కిందికెళ్లి నా ఫోన్‌తో ఏదో తీసుకొచ్చాను. పళ్లబండి ఆయన టార్పాలిన్ పట్టా మడతపెడుతున్నాడు, అంతే. ఈయన దాన్ని కంటికి ఆనించుకుని చూసి, కుడిచేతికన్నా ఎడమచెయ్యే నయం అన్నాడు. ఎడమచెయ్యట!

అప్పట్నుంచి పద్నాలుగు నెలలు. బస్సు దిగి మెట్లెక్కేలోపు ఒకటి. మన కిటికీలోంచి కనబడేవే తియ్యాలి, లేకపోతే దొరికిపోతాను. నేనూ ఒక్కసారే నొక్కేదాన్ని. ఎందుకని అడక్కు, నాకూ తెలీదు.

ఇప్పుడేమో ఆ మేధావులు ప్రదర్శన పెడతారట. ఈ చివరి ఏడాదే అసలైన పనితనం, చూపు పదునెక్కింది అని కాగితం మీద అచ్చేశారు. మీ అన్నయ్యకి ఉప్పుడబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో తెలీదు. చూపు పదునెక్కిందట.

పోస్టరుకి సరిగ్గా ఆ ఫోటోనే ఏరుకున్నారు. చీకటి మేడ, ఒక్క కిటికీలో దీపం, అందులో ఓ మనిషి. నువ్వు తెచ్చిచ్చిన నీలం తెర నువ్వు గుర్తుపట్టక ఇంకెవరు పడతారు? అలా గుడ్లురమకు. అవును, వీధిలో నిలబడి తీసింది నేనే. ఆయన తీసిన ఫోటోలో ఆయనే ఎలా ఉంటాడని అంత చదువుకున్నవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

ఆ రోజు బస్సు ఆలస్యమైంది. వచ్చేసరికి తొమ్మిది దాటింది. తలెత్తితే ఈయన. కెమెరా ఒళ్లో పెట్టుకుని, బస్టాపు వైపు మెడ సాచి చూస్తున్నాడు. అంత దూరం ఏమీ కనబడదు ఆయనకి. అయినా చూస్తున్నాడు. ఏమనిపించిందో, నొక్కేశాను. నొక్కాక ఇంకోటి తియ్యడానికి లేదుగా.

చూపిస్తే, ఎదురింటి కిటికీ అనుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇంటావిడ ఇంకా రాలేదేమో, పాపం. బాగా తీశాను" అన్నాడు.

బాగా తీశాట్ట!

వంటగదిలోకి పోయి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను. తొమ్మిదేళ్లుగా కుక్కమీదా బెంచీమీదా నాకున్న కుళ్లంతా ఆ నీళ్లలోనే పోయిందనుకో. పూర్తిగా పోలేదులే, కొంచెం ఉంది.

అందుకని, పేరు ఆయనదే ఉండనీ. అన్నయ్యకి నిజం చెప్పడం ధర్మమంటావా? నీ ధర్మం నీ ఇంట్లో పెట్టుకో మరిదిగారూ. తెలిస్తే ఆ క్షణమే కెమెరా కింద పెట్టేస్తాడు. కెమెరా లేకపోతే కిటికీ దగ్గరెందుకు కూర్చుంటాడు? మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంటాడు.

అప్పుడు నేను బస్సు దిగి తలెత్తితే ఏం చూడాలి? నీ నీలం తెరా?