గడియ పెట్టని తలుపు

అమృతకలశము చేతబూని పాలకడలి వెడలిన ధన్వంతరికి మ్రొక్కి ఈ కథ చెప్పుచున్నాను.

వెస్ట్ వర్జీనియాలో, మా బొగ్గుకొండల నడుమ, సమాధి చేయు వేళ ఇంటిని ఖాళీగా విడువరు. పత్రికలో చావుకబురు చదివి, పోయినవారి మత్తెక్కించే నొప్పిమాత్రల కోసం దొంగలు వస్తారు. ఆనాడు ఓర్ఫాను సమాధి చేయు వేళ, ఆమె ఇంట కావలి కూర్చున్నది కౌంటీ ఆరోగ్యశాఖ నర్సు వెల్డా. పెరటి తలుపు తోసుకుని వచ్చినవాడు ఓర్ఫా కొడుకు డెల్మర్, అంబులెన్సు ఉద్యోగి.

"ఎవరది?"

"నేనే పిన్నీ, డెల్మర్‌ని. చేతిలో తుపాకీ ఏం లేదు కదా?"

"గరిటె ఉంది, చాలదూ? అక్కడ పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టి ఉంటారు. నువ్విక్కడేమిట్రా?"

"టై మరిచిపోయాను."

"మెడలో వేలాడేదేమిటి మరి?"

"ఇది... ఇది కాదు. అమ్మకి నీలంది ఇష్టం. తెచ్చుకుంటాను."

"నీ గది ఇటు. అది అమ్మ గది."

"బాత్రూమ్‌కి పిన్నీ! దానికీ నీ అనుమతి కావాలా?"

"పొద్దున్నే అన్నీ, కొత్త సీసాలోవి కూడా, ఎవరూ ఏరుకోకుండా కాఫీపిప్పిలో కలిపి పారేశాను."

"ఏవి?"

"నువ్వు వెతుక్కునేవి."

"నేనేం వెతకడం... అన్నీనా? ఒక్కటైనా...?"

"ఒక్కటీ లేదు. కూర్చో. చిక్కుళ్లు వేడిగా ఉన్నాయి, మొక్కజొన్న రొట్టె ఉంది. తిను."

"తిండి వద్దు! నడుం నొప్పి పిన్నీ, నడుం నొప్పి. దెబ్బతిన్న గనికూలీని కొండమీంచి మోసుకొచ్చిన రోజు నుంచీ..."

"తెలుసు. ఈ మాత్రలు ఎక్కువై ఊపిరాగినవాళ్ల ముక్కులో విరుగుడు మందు చిమ్మి లేపడం ఈ కౌంటీలో నేను మొదట నేర్పింది నీకే. ఎంతమందిని లేపావురా! ఇప్పుడు ఫోను మోగితే చాలు, ఈసారి పడి ఉన్నది నువ్వేనేమోనని ముందు నీ పేరే అడుగుతున్నాను."

"అయితే ఆఫీసులో చెప్పెయ్. ఉద్యోగం ఊడుతుంది. ఊరంతా చూసి నవ్వుతుంది."

"ఉద్యోగం సంగతి తర్వాత. చివర్లో ఓర్ఫా అంతలా ఎందుకు అరిచింది?"

"జబ్బు ముదిరింది కదా..."

"మందు చాలట్లేదనుకుని డాక్టరుతో పోట్లాడి పెంచించాను. పెంచినకొద్దీ అరిచింది."

"జబ్బే పిన్నీ."

"డెల్మర్."

"జబ్బే అంటున్నానుగా!"

"పారేసేముందు, అమ్మ వాడే సీసాలో మిగిలినవి చూశాను. ఉత్త తలనొప్పి బిళ్లలు."

"అమ్మకి తెలీదు. ఒట్టు పిన్నీ, అమ్మకి మాత్రం తెలీదు. కళ్లు ఆనేవి కావుగా. ఆ ఒక్కటీ లేకపోతే నేను..."

"ఈ కావలికి నన్నెవరు పెట్టారనుకున్నావు?"

"పాస్టరుగారు."

"మీ అమ్మ. నా చెయ్యి పట్టుకుని అంది: 'నన్ను గోతిలోకి దింపేవేళ వాడు ఇంటికొస్తాడు. పెరటి తలుపుకి గడియ పెట్టకు. ముందు ఏదైనా తినిపించు. తర్వాత మత్తు మాన్పించే నీ క్లినిక్కుకి తీసుకెళ్లు. రానంటాడు. వాడు మార్చి పెట్టిన బిళ్లల్ని నేను తెలిసే మింగానని చెప్పు. అప్పుడొస్తాడు.'"

ఈ మాటలు విన్నవారి ఇళ్ల నొప్పులు నెమ్మదించుగాక. వారి వారి బిడ్డలకు తెరచిన తలుపు దొరకుగాక.