నలభై రోజుల దీవి

ఆ వీధిలో అందరికీ ఆయన కత్తెర బాబాయి. తలలకు ఎంత చక్కగా కోతలు వేస్తాడో, నోటితో అంతకు రెట్టింపు కోస్తాడు. ఆ వాన మధ్యాహ్నం సెలూన్ కుర్చీలో దర్జీ, బెంచీ మీద పోస్ట్‌మాన్, ఆ పక్కన చినుకులకు తలదాచుకోవడానికి వచ్చిన ముసలి పడవతనూ ఉన్నారు.

"పిల్లలు దీవి కథలు చదివి భయపడతారట. నేను చదవలేదయ్యా, ఉండొచ్చాను," మొదలుపెట్టాడు బాబాయి. "తొమ్మిదేళ్లప్పుడు పడవ బోల్తా పడి, దీవి మీద ఒక్కణ్ణే, మూడు రోజులు!"

"పోయిన నెల ఒక రోజన్నావు," అన్నాడు పోస్ట్‌మాన్.

"తిండి లేనిది ఒక రోజు. మొత్తం నలభై! పచ్చి పీతలు తిన్నాను. వారం తిరిగేసరికి అవే వచ్చి నా ముందు వరసకట్టేవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ పొద్దున ఇసకలో నా అడుగుల పక్కన ఇంకో జత అడుగులు. చిన్నవి. మర్నాటికి కాస్త పెద్దవి. నెలకల్లా ఒక్కో అడుగు ఈ గదంత! వాన నీళ్లు నిండితే అందులో స్నానం చేసేవాణ్ణి."

"ఈత కూడా నేర్చావా?" అన్నాడు దర్జీ.

"ఈతేం ఖర్మ, చేపలే పెంచాను! ఆఖరికి దీవే నాకు మచ్చికైపోయింది. 'పద' అంటే కదిలేది. దాన్నే తోలుకుంటూ ఒడ్డుకొచ్చాను."

అందరూ పగలబడి నవ్వారు. వాళ్లు నవ్వినప్పుడల్లా బాబాయికి గుండె తేలికపడుతుంది.

"నాయనా, నిన్ను తెచ్చింది నేను," అన్నాడు పడవతను మెల్లగా.

కత్తెర ఆగింది. ఇన్నేళ్లకు, ఆ ముడతల వెనక ముఖాన్ని బాబాయి గుర్తుపట్టాడు.

"పడవేం బోల్తా పడలేదు. మీ నాన్నవాళ్లు వలల హడావిడిలో నిన్ను మర్చిపోయి వచ్చేశారు. అన్నాల వేళకి గుర్తొస్తే నేను వెళ్లాను. నలభై రోజులు కాదు, నాలుగు గంటలు!"

పోస్ట్‌మాన్ బెంచీ చరిచి మరీ నవ్వాడు. బాబాయి కూడా నవ్వబోయాడు.

"ఒక్కటి మాత్రం ఇప్పటికీ అర్థం కాదు," అన్నాడు పడవతను. "పడవెక్కాక నువ్వు వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉన్నావు. ఎవరికిరా అంటే నోరు విప్పలేదు. అక్కడ చెట్టు కూడా లేదు కదా."

కొయ్యాలంటే బాబాయికి ఎన్ని కోతలు లేవు! ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"ఒకావిడ," అన్నాడు. "ఆ నాలుగు గంటలూ నా పక్కనే కూర్చుంది. ఏడవకు, మీవాళ్లు వస్తారంది. నేను వచ్చేస్తుంటే చెయ్యి ఊపింది. నేనూ ఊపాను."

"నాకెవరూ కనపడలేదే!"

"తెలుసు పెద్దయ్యా. మీరు ఆవిడలోంచి నడిచొచ్చి మరీ నన్ను ఎత్తుకున్నారు."

ఎవరూ నవ్వలేదు. దర్జీకి మిగిలిన సగం జుట్టూ బాబాయి నోరెత్తకుండా కత్తిరించాడు.